ఈ దుడ్డు ఇక్కడ చెల్లదు



మూడు నెలల కింద మన గుంపులో రెండు రోజులు ఒకటే మాట నడిచింది, గుర్తుందా? మా తమ్ముడి కోడలు ఇంట్లో సామల మురుకులు, రాగి లడ్లు, మామిడి ఊరగాయ చేసి ఒక పెద్ద ఆన్‌లైన్ అంగట్లో పెట్టి అమ్ముతుంది. ఆ అంగడి పేరు ఇక్కడ అవసరం లేదు. కొన్నవాళ్ళ దుడ్డు నేరుగా ఈమెకు రాదు. ముందు అంగడి లెక్కలో పడుతుంది. వాళ్ళ కమిషన్, రవాణా ఖర్చు పట్టుకొని, కొన్ని రోజులు నిలిపి, మిగిలింది ఈమె బ్యాంకు ఖాతాలో వేస్తారు. కోడలు పిల్ల ఏం చేసిందంటే, ప్రతి పొట్లంలో ఒక చీటీ పెట్టింది. దాని మీద తన క్యూఆర్ కోడ్ అచ్చేసి, మళ్ళీ కావాలంటే నేరుగా మాకే దుడ్డు పంపండి, కిలోకు 40 రూపాయలు తక్కువ అని రాసింది. నాలుగో రోజు ఆమె అంగడి మూసేసినారు. లోపల చిక్కిన దుడ్డు 11,400 రూపాయలు.

గుంపులో సగం మంది ఇది పగటి దోపిడీ అన్నారు. మిగిలిన సగం, ముఖ్యంగా బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లలు, నియమం చదవకుండా చేరితే ఇంతే అన్నారు. మేము అప్పుడు ఏమీ రాయలేదు. రైల్వే కౌంటరు వెనకాల కూర్చొని ఏ దుడ్డు చెల్లుతుంది, ఏది చెల్లదు అని జనానికి చెప్పడమే మా ఉద్యోగం. ఎవరి పక్షం మాట్లాడాలో మాకే తెలియలేదు. కానీ ఆ పిల్ల ఇంటికొచ్చి ఒక మాట అడిగింది. "పెద్దమామా, నా సరుకు నాది, కొన్నవాళ్ళ దుడ్డు వాళ్ళది. ఏ దోవలో ఇచ్చుకోవాలో చెప్పేదానికి మధ్యలో వాడెవడు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే మన ఊరి చరిత్రలోకే వచ్చి పడినాము. అందుకే ఈ పెద్ద ఉత్తరం. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది కుప్పం, గుంతకల్లు వైపు పోయేటప్పుడు స్టేషన్ బోర్డులు చూసి. తప్పులుంటే మన్నించండి.

ముందు ఊరి పేరు సంగతి. వెల్లిచందై అని మనం తెలుగులో రాసుకునే పేరు తమిళంలో వెళ్ళి, సందై అనే రెండు మాటలు. సందై అంటే సంత. వెళ్ళి అంటే తమిళంలో శుక్రవారమూ అవుతుంది, వెండీ అవుతుంది. శుక్రవారం సంత అనే అర్థమే సరైనది, ఊళ్ళో అందరూ చెప్పుకునేదీ అదే. కానీ చిన్నప్పుడు మేము వెండి సంత అనే అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తప్పులో కూడా ఒక నిజముంది. సంత అంటే సరుకు ఒక్కటే కాదు, ఆ సరుకుకు ఏ లోహం ఇవ్వాలి అనేది కూడా. ఇంకో మాట చూడండి. చెల్లడం అనే మాట మన తెలుగులోనూ ఉంది, తమిళంలోనూ ఉంది, రెండింటిలోనూ దుడ్డుకు వాడతారు. కాసు మంచిదా చెడ్డదా అని కాదు, చెల్లుతుందా చెల్లదా అని అడుగుతారు. మంచి బంగారమైనా ఒక చోట చెల్లకపోవచ్చు. చెల్లడం అనేది నాణెంలో ఉండే గుణం కాదు, తీసుకునేవాడి నోట్లో ఉండే మాట.

మన ప్రాంతాన్ని పాత కాలంలో బారామహల్ అనేవాళ్ళు. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు సుల్తాన్ దీన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలినాడు. కంపెనీ తరఫున కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ పాలనకు వచ్చినాడు. ఆయన కింద పనిచేసిన సహాయకుల్లో ఒకాయన థామస్ మన్రో. కడప, అనంతపురం వైపు మన చుట్టాలున్నవాళ్ళకు ఆ పేరు తెలుసు. తర్వాత దత్త మండలాలకు కలెక్టరు, ఆ తర్వాత మద్రాసు గవర్నరు అయ్యి, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయినాడు. ఆ మన్రో పని నేర్చుకున్నది మన ధర్మపురిలోనే, 1799 దాకా. రైతువారీ పద్ధతి మొదలైన నేల ఇదే. పొలం కొలిచి, రైతు పేరున శిస్తు కట్టి, కిస్తీల లెక్కన దుడ్డు రూపంలో వసూలు చేసినారు.

ఆ దుడ్డు ఏ దుడ్డు? ఇక్కడే కథ మొదలవుతుంది. ఆ కాలంలో మన సంతలో ఒక రైతు నడుముకు కట్టుకున్న సంచి విప్పితే ఎన్ని రకాలు ఉండేవో చూడండి. మైసూరు కంఠీరవ నరసరాజు పేరున మొదలైన కంఠీరాయి పణాలు. ఒక్కొక్కటి అర గ్రాము కూడా తూగని చిన్న బంగారు బిళ్ళ. అవి పది కలిస్తే ఒక కంఠీరాయి వరహా లెక్క. హైదర్ అలీ వేయించిన బహదూరీ వరహాలు, వాటి మీద శివపార్వతులు. టిప్పు నాణేలు. ఆర్కాటు రూపాయలు. మద్రాసు కంపెనీ వాళ్ళ చుక్క వరహాలు. మద్రాసు లెక్కలో ఒక చుక్క వరహాకు 42 పణాలు, ఒక పణానికి 80 కాసులు. అక్కడి పణం వెండిది, మైసూరు పణం బంగారుది. పేరు ఒకటే, విలువ వేరు. వరహాకు పదేనా, 42 ఆ? సంతలో ఎంత గొడవ జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

రైతు చేతిలో ఉన్న నాణెం ఒకటి, కచేరీ పుస్తకంలో రాసే నాణెం ఇంకొకటి అయినప్పుడు, మధ్యలో ఒకాయన చాప వేసుకొని కూర్చుంటాడు. ఆయన షరాబు. రాయి మీద గీకి, త్రాసులో తూచి, ఇది అరిగింది, ఇది మన సీమది కాదు అని చెప్పి మార్చి ఇస్తాడు. మార్చినందుకు తీసుకునేది వట్టం. ఈ మాట ఇప్పుడు పిల్లలకు తెలియదు గానీ, మా తాత నోట్లో ఉండేది. "వట్టం పోయినాక మిగిలేదే మనది" అనేవాడు. కంపెనీకి శిస్తు తగ్గదు, షరాబుకు వట్టం తగ్గదు. తగ్గేది రైతు సంచి ఒక్కటే.

ఈ గొడవ తీర్చడానికి కంపెనీకి శానా ఏళ్ళు పట్టింది. 1818లో మద్రాసు రాజధానిలో వరహా లెక్క మాని వెండి రూపాయి లెక్క పెట్టినారు. ఒక చుక్క వరహాకు మూడున్నర రూపాయలు అని తేల్చినారు. 1835 చట్టంతో కంపెనీ ఏలే సీమలన్నిటికీ ఒకే తూకం, ఒకే మచ్చుతో వెండి రూపాయి వచ్చింది. అంతటితో అయిపోయిందా? లేదు. 1861లో కాగితం నోట్లు వచ్చినప్పుడు దేశాన్ని వలయాలుగా విడగొట్టినారు. మద్రాసు వలయం నోటు మద్రాసు వలయంలోనే చట్టం ప్రకారం చెల్లుతుంది. కలకత్తాలో తీసుకోవాలనే బలవంతం లేదు. 20వ శతాబ్దం మొదటి పదేళ్ళలో గానీ చిన్న నోట్లు దేశమంతా చెల్లే స్థితి రాలేదు. హైదరాబాదు వైపు చూస్తే నిజాం హాలీ సిక్కా వేరేగా ఉండేది. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇంగ్లీషు రూపాయలు. అది పూర్తిగా పోయింది 1950ల్లోనే.

అంటే ఏ మూల సంతలోనైనా ఒకే నోటు తీసుకుంటారు అనే ధైర్యం మన దేశంలో శానా పాతది కాదు. మన తాతల కాలంలో కష్టపడి వచ్చింది. ఎవరో ఒక్కడు దానం చేసింది కాదు.

రాజు దుడ్డు సంగతి అట్లా ఉంటే, సంత యజమాని దుడ్డు సంగతి ఇంకో రకం. మా తాత శనక్కాయలు పండించేవాడు. ఆ కాలంలో ఒక మండీ వ్యాపారి ఉండేవాడంట. కాయలు తూచుకొని దుడ్డు ఇవ్వడు, చీటీ రాసి ఇస్తాడు. ఆ చీటీ పట్టుకొని ఆయన బావమరిది గుడ్డల అంగడికి పోతే సరుకు ఇస్తారు. నూనె, గుడ్డ, ఉప్పు, బెల్లం అన్నీ దొరుకుతాయి, కానీ ధర వాళ్ళు చెప్పిందే. చీటీకి దుడ్డే కావాలంటే రూపాయికి అణా కోత. మా తాత ఒక ఏడు కోపం వచ్చి బండి తిప్పుకొని ఇంకో ఊరి సంతకు పోయినాడంట. అక్కడి వ్యాపారి చేతిలో వెండి పెట్టినాడు. మా ఇంట్లో ఈ కథ ఎన్నిసార్లు చెప్పినారో లెక్క లేదు. "ఇంకో సంత" అనే ఈ మాట మనసులో పెట్టుకోండి, చివర మళ్ళీ వస్తుంది.

ఆ వ్యాపారి చేసింది కొత్తేమీ కాదు. 19వ శతాబ్దంలో సిలోన్ కాఫీ తోటలకు మన తమిళ జిల్లాల నుంచి కూలికి పోయినవాళ్ళకు తోటల కంపెనీలు తమ సొంత టోకెన్లు ఇచ్చినాయి. రాజు ముద్ర లేని లోహపు బిళ్ళ అది. తోట గేటు దాటితే దానికి బలం తక్కువ. ఇంగ్లాండులోనే ఫ్యాక్టరీ యజమానులు కూలీలకు దుడ్డు బదులు తమ అంగడి చీటీలు ఇచ్చేవాళ్ళు. దాన్ని ఆపడానికి అక్కడ 1831లో చట్టం చేసినారు, కూలి నాణెంలోనే ఇవ్వాలని. మన దేశంలో 1936లో వేతనాల చెల్లింపు చట్టం వచ్చింది. అందులో జీతం చెల్లుబాటయ్యే నాణేల్లో గానీ నోట్లలో గానీ ఇవ్వాలి అని రాసినారు. ఆ చట్టం ఫ్యాక్టరీలతో పాటు మా రైల్వేకు కూడా వర్తించింది. మాకు ముందు తరం గ్యాంగ్‌మెన్‌లకు పే క్లర్కు ఇనప పెట్టెతో వచ్చి, సాక్షి ఎదుట, వేలిముద్ర వేయించుకొని, చేతిలో నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాడు. మేము చేరిన కొత్తలో కూడా ఆ పెట్టె చూసినాము. అదేదో పాత పద్ధతి అని నవ్వుకున్నాము. దాని వెనకాల ఇంత పోరాటం ఉందని అప్పుడు తెలియదు.

ఇప్పుడు మా కౌంటరు సంగతి చెప్పాలి. చెప్పకపోతే అబద్ధం ఆడినట్టు అవుతుంది.

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవని ప్రకటించినారు. దేశంలో తిరిగే నోట్ల విలువలో 86 శాతం ఆ రెండు రకాలే. కానీ కొన్ని చోట్ల కొన్ని రోజులు తీసుకోవచ్చు అని మినహాయింపు ఇచ్చినారు. అందులో రైల్వే టికెట్ కౌంటరు ఒకటి. తెల్లారేసరికి మా కౌంటరు ముందు వరస బయట చెట్టు దాకా పోయింది. ఎన్నడూ ఏసీ ఎక్కనివాళ్ళు ఢిల్లీకి ఏసీ మొదటి తరగతి అడిగినారు. ఎందుకో మాకు తెలుసు. టికెట్ తీసి, మరునాడు రద్దు చేసి, కొత్త నోట్లు తీసుకోవాలని. అది ఆపడానికే పెద్ద మొత్తాలు నోట్ల రూపంలో తిరిగి ఇవ్వకూడదని పై నుంచి ఆదేశం వచ్చింది. న్యాయమైన ఆదేశమే. కానీ నిజంగా ప్రయాణం రద్దయినవాళ్ళు కూడా ఆ వరసలోనే నిలబడినారు. ఒక పెద్దామె ఆసుపత్రికి పోవాల్సింది కుదరక టికెట్ రద్దు చేయడానికి వచ్చింది. చేతికి దుడ్డు ఇవ్వలేము, బ్యాంకు ఖాతా వివరాలు రాయండి అన్నాము. "నాయనా, నా చేతి నుంచి నోటు తీసుకున్నావు కదా, నా చేతికి నోటు ఇయ్యి" అన్నది. ఆమెకు ఖాతా లేదు. నియమం చూపించినాము. డిసెంబరు 10 నుంచి మా కౌంటర్లలో కూడా పాత నోట్లు ఆగిపోయినాయి. ఆ పెద్దామె మాట ఆగలేదు, ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అందుకే చెప్తున్నాము. చెల్లదు అనే మాట చెప్పేవాడికి చిన్న మాట. వినేవాడికి అది చిన్నది కాదు.

ఇక ఆన్‌లైన్ సంతల చరిత్రకు వద్దాం. ఈ కొత్త సంతలో పెద్దన్న అమెరికా ఈబే. 1995లో మొదలైంది. మొదట్లో ఈబే దుడ్డు సంగతి పట్టించుకోలేదు. కొన్నవాడు అమ్మినవాడికి చెక్కో, మనియార్డరో తపాలాలో పంపేవాడు. కోడలు పిల్ల అడిగినట్టే, మీరూ మీరూ చూసుకోండి అనే పద్ధతి. దాంతో మోసాలు పెరిగినాయి. దుడ్డు పంపితే సరుకు రాదు, సరుకు పంపితే చెక్కు చెల్లదు. ఈబే 1999లో బిల్‌పాయింట్ అనే చెల్లింపు కంపెనీని కొన్నది. కానీ జనం పేపాల్ అనే వేరే కంపెనీని ఇష్టపడినారు. జనం మాట వినక తప్పలేదు. 2002లో సుమారు 150 కోట్ల డాలర్లకు పేపాల్‌నే కొనేసింది. ఇక్కడ గమనించండి. సంత యజమానే షరాబు కూడా అయిపోయినాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 2006లో గూగుల్ చెకవుట్ అనే పోటీ పద్ధతి వస్తే, అది మా సంతలో చెల్లదు అని ఈబే జాబితాలో పెట్టింది. 2008లో అమెరికాలో చెక్కులు, మనియార్డర్లు కూడా ఆపేసింది. అదే ఏడు ఆస్ట్రేలియాలో ఇంకా ముందుకు పోయింది. కొన్నవాడు స్వయంగా వచ్చి సరుకు తీసుకొని చేతికి ఇచ్చే నోట్లు తప్ప, మిగిలినదంతా పేపాల్‌లోనే కట్టాలి అని ప్రకటించింది. కారణం మంచిదే చెప్పింది. మోసాలు తగ్గుతాయి, కొన్నవాడికి రక్ష ఉంటుంది అని. కానీ ప్రతి అమ్మకంలో సంతకు ఒక రుసుము, పేపాల్‌కు ఇంకో రుసుము. రెండూ పోయేది ఒకే జేబులోకి. చిన్న అమ్మకందార్లు వందల మంది అభ్యంతరం రాసినారు. ఆస్ట్రేలియా పోటీ, వినియోగదారుల కమిషన్ విచారించి, దీని వల్ల పోటీ దెబ్బతింటుంది, దుడ్డు ఎట్లా తీసుకోవాలో అమ్మకందారే ఎంచుకోగలగాలి అనే వైపు మొగ్గింది. 2008 జులైలో ఈబే ఆ నియమాన్ని వెనక్కి తీసుకుంది.

ఈ కథకు ఒక తోక ఉంది. 2015లో ఈబే, పేపాల్ విడిపోయినాయి. 2018లో ఈబే తన చెల్లింపుల పనిని ఆడియెన్ అనే నెదర్లాండ్స్ కంపెనీకి మార్చుతామని ప్రకటించింది. ఒకప్పుడు పేపాల్ తప్ప ఇంకోటి చెల్లదు అన్న సంతే పేపాల్‌ను పక్కన పెట్టింది. అంటే ఏ పద్ధతి రక్ష, ఏ పద్ధతి ముప్పు అనేది ఒక్కటే లెక్క కాదు. పెట్టె ఎవరిది అనేది కూడా లెక్కే.

మన దేశంలో ఈబే 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని వచ్చింది. ఇక్కడ పైసాపే అనే పేరుతో దుడ్డు మధ్యలో నిలిపి, సరుకు చేరినాక అమ్మినవాడికి ఇచ్చే పద్ధతి నడిపింది. కానీ మన జనానికి కార్డులు తక్కువ, నమ్మకం ఇంకా తక్కువ. సరుకు చూడకుండా దుడ్డు ఇవ్వడమా? ఆ నాడి పట్టుకున్నది ఫ్లిప్‌కార్ట్. 2007లో పుస్తకాలతో మొదలై, 2010లో సరుకు ఇంటికి చేరినాకే దుడ్డు ఇచ్చే పద్ధతి తెచ్చింది. ఆన్‌లైన్ సంతను మన పల్లెల దాకా తెచ్చింది ఆ ఒక్క పద్ధతే అంటే ఎక్కువ కాదు. మన సంతలో చేతికి సరుకు, చేతికి దుడ్డు అనే పాత ధర్మాన్ని వాళ్ళు ఒప్పుకున్నారు, మనం వాళ్ళ అంగట్లోకి పోయినాము. ఈబే ఇండియా 2018 ఆగస్టు 14న మూతపడింది.

2016లో యూపీఐ వచ్చినాక కథ మళ్ళీ మారింది. సంతలో టమోటా బుట్ట ముందు కూడా క్యూఆర్ అట్ట ఉంది. 2020 జనవరి నుంచి మామూలు యూపీఐ చెల్లింపులకు వ్యాపారి మీద రుసుము తీసేసినారు. అంటే 200 ఏళ్ళ తర్వాత వట్టం లేని దుడ్డు మన చేతికి వచ్చింది. మా తాత ఉంటే నమ్మేవాడు కాదు. కోడలు పిల్ల చీటీ మీద అచ్చేసింది ఆ క్యూఆరే. వట్టం లేని దోవ కళ్ళ ముందు కనిపిస్తూ ఉంటే, వట్టం ఉన్న దోవలోనే పోవాలి అంటే ఎవరికైనా మనసు ఒప్పదు.

ఇదే తగాదా పెద్దవాళ్ళ మధ్య కూడా జరిగింది. ఫోన్లో యాప్‌లు అమ్మే గూగుల్ ప్లే అంగట్లో, యాప్ లోపల కొనే వాటికి గూగుల్ చెల్లింపు పద్ధతే వాడాలి అనే నియమం మీద మన పోటీ కమిషన్ 2022 అక్టోబరులో 936 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. తర్వాత 2025లో అప్పీలు ట్రిబ్యునల్ ఆ మొత్తాన్ని 216 కోట్ల పైచిలుకుకు తగ్గించింది. మొత్తం తగ్గినా, ఆ ప్రశ్న కోర్టుల దాకా పోయింది.

మనలాంటి చిన్నవాళ్ళకు ఎక్కువ పనికొచ్చేది ఇంకోటి ఉంది. దాన్ని గుంపులో ఎవరూ చెప్పలేదు. మధ్యవర్తుల దగ్గర నిలిచే దుడ్డు గురించి రిజర్వు బ్యాంకు 2009లోనే ఆదేశాలు ఇచ్చింది. 2020 మార్చి 17న ఇంకా గట్టిగా రాసింది. ఇతరుల తరఫున దుడ్డు వసూలు చేసేవాళ్ళు అనుమతి తీసుకోవాలి, ఆ దుడ్డును తమ దుడ్డుతో కలపకుండా బ్యాంకులో ప్రత్యేక ఎస్క్రో ఖాతాలో పెట్టాలి. ఆన్‌లైన్ సంత నడిపేవాళ్ళు ఈ వసూలు పని కూడా చేయాలనుకుంటే, దాన్ని సంత వ్యాపారం నుంచి విడదీయాలి, 2021 జూన్ 30లోగా అనుమతికి దరఖాస్తు పెట్టాలి. మామూలు మాటల్లో చెప్పాలంటే, సంత యజమాని వేరు, షరాబు వేరు అని రిజర్వు బ్యాంకు గీత గీసింది. నీ పెట్టెలో ఉన్నంత మాత్రాన అది నీ దుడ్డు కాదు అని చెప్పింది.

ఇప్పుడు కోడలు పిల్ల ప్రశ్నకు జవాబు.

సంతకు నియమం ఉండటం తప్పు కాదు. సంత యజమాని చెట్టు నీడ ఇచ్చినాడు, జనాన్ని తెచ్చినాడు, దొంగలను చూసుకుంటున్నాడు. దానికి సుంకం అడగడం న్యాయమే. వాళ్ళ సంతలో దొరికిన బేరాన్ని చీటీ పెట్టి బయటికి పిలవడం ఒప్పుకున్న మాట తప్పడమే. ఆ మాట ఆమెకు మొహం మీదే చెప్పినాము. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఇంకో మాట అడిగింది. "చీటీ తప్పు సరే పెద్దమామా, ఆ 11,400 మీద ఏ చీటీ లేదు కదా. అవి వాళ్ళ దోవలోనే వచ్చిన దుడ్లు కదా. వాటిని ఎందుకు పట్టుకున్నారు?"

దీనికి మా దగ్గర ఎదురు మాట లేదు. నియమం తప్పినవాణ్ణి సంత నుంచి పొమ్మనడం ఒకటి, అప్పటికే జరిగిన బేరం దుడ్డు పట్టుకోవడం ఇంకొకటి. మొదటిది యజమాని హక్కు. రెండోది పాత మండీ వ్యాపారి చేసిన పనే.

ఇద్దరం కూర్చొని ఒక ఉత్తరం రాసినాము. ఆ అంగడి ఫిర్యాదుల అధికారికి. కోపంగా ఒక్క మాట రాయలేదు. మూడు ప్రశ్నలు మాత్రమే. ఈ 11,400 రూపాయలు ఏ ఎస్క్రో ఖాతాలో ఉన్నాయి? వసూలు చేసిన సంస్థకు రిజర్వు బ్యాంకు అనుమతి ఏ పేరున ఉంది? సరుకు అందిన బేరాలకు దుడ్డు నిలపడానికి ఏ నియమం ఆధారం? మూసిన 49వ రోజు దుడ్డు ఖాతాలో పడింది. మా ఉత్తరం వల్ల పడిందో, దానంతట అదే పడిందో చెప్పలేము. జవాబు మాత్రం రాలేదు. అంగడి తెరవలేదు.

ఇప్పుడు మా తాత బండి దగ్గరికి రండి. ఆయన ఆ రోజు గెలిచింది గట్టిగా అరిచినందుకు కాదు, ఇంకో సంత ఉన్నందుకు. మన పాత వారసంతల్లో ఉన్న తెలివి అదే. ఒక్కో ఊరికి ఒక్కో వారం. శుక్రవారం ఇక్కడ గిట్టకపోతే ఇంకో రోజు ఇంకో ఊళ్ళో. ఏ యజమానీ మరీ మీరి పోలేడు, ఎందుకంటే బండికి చక్రాలున్నాయి. ఆన్‌లైన్ సంతకు వారం లేదు. ఏడు రోజులూ ఒకే చెట్టు కింద, ఆ చెట్టు కిందే జనమంతా. బండి తిప్పుకొని పోవడానికి పక్క ఊరు కనపడదు. దుడ్డు మీద నియమం బరువెక్కేది అప్పుడే. 1999లో ఆంధ్రలో రైతు బజార్లు, అదే ఏడు మన తమిళనాడులో ఉళవర్ సందైలు పెట్టినప్పుడు చేసింది ఇదే. మండీని మూయలేదు. పక్కన ఇంకో సంత తెరిచినారు.

కాబట్టి ఆన్‌లైన్‌లో అమ్మే మన ఆడపిల్లలకు, తమ్ముళ్ళకు మూడు మాటలు. ఒకటి, చేరే ముందు కమిషన్ ఎంత అని మాత్రమే కాదు, దుడ్డు ఎవరి పెట్టెలో ఎన్ని రోజులు నిలుస్తుంది అని అడగండి. రెండు, ఒకే సంతలో మొత్తం సరుకు దించకండి. కొంచెమైనా ఇంకో చోట, లేదా నేరుగా మీ పేరున, మొదటి రోజు నుంచే నడపండి. చీటీ దాచి పెట్టే అవసరం రాదు. మూడు, దుడ్డు చిక్కితే అరవకండి, అడుక్కోకండి. ఖాతా ఎక్కడ, అనుమతి ఏది అని రాతలో అడగండి.

సంఘానికి ఒక విన్నపం. వచ్చే వార్షిక సమావేశం రోజు మండపం బయట మన సభ్యుల ఇంటి సరుకులకు ఒక వరస బల్లలు వేద్దాం. అద్దె వద్దు, కమిషన్ వద్దు. నోటైనా, క్యూఆర్ అయినా, ఏ దుడ్డైనా చెల్లుతుంది. ఖాతా లేని పెద్దామె వస్తే ఆమె చేతి నోటు తీసుకొని, చిల్లర ఆమె చేతికే ఇద్దాం. కోడలు పిల్ల మొదటి బల్ల తనకే కావాలంటోంది. మురుకులు రెండు డబ్బాలు ఇప్పటికే మా పేరున రాసి పెట్టింది, దుడ్డు ముందే తీసుకుంది.

మీ ఇళ్ళల్లో పాత పణాలు, మండీ చీటీలు, సిలోన్ తోటల బిళ్ళలు ఏమైనా పెట్టెల్లో ఉంటే ఫోటో తీసి గుంపులో పెట్టండి. వాటి కథ కూడా కలిసి రాసుకుందాం.